జిబ్ తాడు ఎవరి చేతిలో

మావారి పూర్తి పేరు రామలింగేశ్వరరావు. ఆ పేరుని మొదటినుంచి చివరిదాకా పలికేది పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు ఒక్కరే. సూరత్ పక్క హజీరాలో ఆయన పనిచేసే ప్లాంటులో ఆయన రావ్ సాబ్. మా అత్తగారికి లింగబ్బాయి. నాకు, పెళ్ళయిన నాటినుంచి, ఏవండీ. ఒక మనిషికి ఇన్ని పేర్లు చాలవా అని నేననుకునేదాన్ని. చాలవట. కార్తీకమాసంలో ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఎదురు ఫ్లాటు మధులత "రామ్" అని పిలిచినప్పుడు, ఎవరిని పిలుస్తోందా అని నేను వెనక్కి తిరిగి చూశాను. లిఫ్టులో మేం ముగ్గురమే ఉన్నాం.

"రామ్, మీ టోపీ నా కార్లో ఉండిపోయింది. వచ్చే ఆదివారం తెస్తాను," అంది మధులత.

"సరే," అన్నారు రామ్.

లిఫ్టు ఆగింది. "వస్తాను వదినా," అని నాకు చెప్పి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. నాకు లెక్క కుదరలేదు. మొన్న దసరాదాకా ఆయన అన్నయ్యగారు, అందుకని నేను వదినని. ఆ అన్నయ్యగారు తాపీ నదిలో ఎక్కడో జారిపోయారు. వదిన మాత్రం ఒడ్డున మిగిలిపోయింది.

ఇదంతా దస్తూర్ అంకుల్ తెరచాప పడవలతో మొదలయింది. ఆయన పార్సీ, ఓడల మీద పనిచేసి రిటైరయ్యాడు. తాపీ మీద కట్టిన కాజ్‌వేకి ఎగువన నీళ్ళు నిండుగా నిలిచేచోట నాలుగు పాత పడవలు వేసుకుని ఆదివారాలు నేర్పుతాడు. పడవకి ఇద్దరే మనుషులు. వెనక కూర్చుని చుక్కాని పట్టేవాడు స్కిప్పర్. ముందు కూర్చుని చిన్న తెరచాప తాడు లాగేవాడు క్రూ. ప్లాంటులో ఎవరో చెబితే మావారికి సరదా పుట్టింది.

నన్ను అడగలేదని అనను. అడిగారు. పేపరు చదువుతూ, ఆటల పేజీ తిప్పుతూ, "దస్తూర్ దగ్గర పడవ నేర్చుకుందామనుకుంటున్నా. ఇద్దరు కావాలట. నువ్వొస్తావా?" అన్నారు.

"నాకెందుకండీ ఈ వయసులో," అన్నాను నేను.

తెలుగింటి ఆడదాన్ని ఏదైనా ఒకసారి అడిగితే ఏమంటుంది? కాఫీ తాగుతారా అంటే ఇప్పుడే తాగొచ్చామంటాం. చీర తీసుకోండంటే ఇప్పుడెందుకంటాం. రెండోసారి అడుగుతారని, మూడోసారి బలవంతం చేస్తారని, అప్పుడు 'సరే మీ ఇష్టం' అందామని. ఆ పద్ధతిలో పెరిగిన మనిషే ఆయనా. పెళ్ళిచూపుల్లో మా నాన్న ఇంకో గారె వేసుకోండంటే రెండుసార్లు వద్దని, మూడోసారి రెండు వేయించుకున్న మనిషి. కానీ ఆ రోజు నా ఒక్క 'ఎందుకండీ'ని పట్టుకుని "సరే" అని పేజీ తిప్పేశారు.

అదే మాట సాయంత్రం కారిడార్లో మధులతనడిగారు. వాళ్ళాయన సాయికృష్ణ కూడా హజీరాలోనే, షిఫ్టు ఇంజనీరు. అతనికి బకెట్లో నీళ్ళు చూసినా దడే. మధులతది విశాఖపట్నం. "అయ్యో అన్నయ్యగారూ, ఎప్పట్నుంచి?" అంది. మొదటిసారికే ఒప్పేసుకుంది. పెంపకాలు వేరు.

అలా ఆమె ముందు సీట్లో కూర్చుంది. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఎందుకంటే దస్తూర్ అంకుల్ నోటిపరీక్ష పెడతాడు. పడవ భాగాలన్నీ వరసగా చెప్పాలి, లేకపోతే నీళ్ళలోకి పంపడు. మావారికి పంపుల గురించి, వాల్వుల గురించి నిద్రలో లేపి అడిగినా చెప్తారు. పడవ భాగాలు మాత్రం మెదడులో నిలవలేదు. రోజూ భోజనాలయ్యాక అంకుల్ ఇచ్చిన పుస్తకం చదివి నేను అప్పజెప్పించుకోవలసి వచ్చింది.

"మాస్ట్?"

"నిలువు కొయ్య. తెరచాప నిలబడేది దానికే."

"బూమ్?"

"దానికి అడ్డంగా ఉండే కొయ్య. పెద్ద తెరచాప అడుగు అంచు దానికి ఉంటుంది. పడవ మళ్ళినప్పుడు ఇటునుంచి అటు వస్తుంది. తల వంచకపోతే బొప్పి కడుతుంది."

"హాలియార్డ్?"

"అదీ... తాడు."

"అన్నీ తాళ్ళే. ఏం చేసే తాడు?"

ఆయన మజ్జిగ గ్లాసు వైపు చూశారు. నేను బాల్కనీ వైపు చూపించాను. సీలింగుకి కట్టిన బట్టల కర్రలు, వాటిని పైకి లాగే తాడు. "మీ బనీన్లు రోజూ ఎలా పైకెక్కుతున్నాయి? తెరచాప కూడా అలాగే. మాస్ట్ పైదాకా లాగే తాడు హాలియార్డ్. లాగేశాక దాన్ని గాలికి బిగించడానికీ వదలడానికీ ఉండేది షీట్."

"షీట్ అంటే తాడెలా అవుతుంది? విడ్డూరం కాకపోతే," అన్నారాయన.

"అది నన్నడుగుతారేం? మీ క్రూని అడగండి."

ఆయనకి ఆ మాటలో ఏమీ వినబడలేదు. "మధులతకి బాగా వచ్చు. జిబ్ తాడు ఎప్పుడు లాగాలో చెప్పక్కర్లేదు," అన్నారు. జిబ్ అంటే ముందుండే చిన్న తెరచాప. నేను మజ్జిగలో ఉప్పు వేయడం ఆ పూట మర్చిపోయాను. ఆయన తాగేశారు. అదీ గమనించలేదు.

పరీక్ష ప్యాసయ్యారు. ఆ పై ఆదివారాలు పడవ దిగాక నది ఒడ్డునే పోంక్ వడలు తిని వచ్చేవారు. పోంక్ అంటే లేతజొన్న గింజలు, సూరత్‌లో చలికాలం వచ్చిందంటే అందరూ వాటి మీదే పడతారు. ఇంటికొచ్చి నేను చేసిన గుత్తివంకాయ చూసి, "ఆకలిగా లేదోయ్" అనేవారు. ఇన్నేళ్ళలో నా గుత్తివంకాయకి ఆ మాట తగల్లేదు. నేను పోట్లాడేదాన్ని కాదు. సోమవారం, మంగళవారం కూడా అదే కూర వేడిచేసి వడ్డించేదాన్ని.

మధులత మీద నాకు అనుమానం లేదు. అది ముందే చెప్పాలి. అనుమానమైతే బాగుండేది, దానికో మర్యాద ఉంది, పుట్టింటికి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. నాది ఉత్త కుళ్ళు. ఆమె టోపీ మీద కుళ్ళు. ఎండకి నల్లబడ్డ ఆమె మోచేతుల మీద కుళ్ళు. వాళ్ళిద్దరూ లిఫ్టులో మాట్లాడుకునే, నేనే నేర్పిన మాటల మీద మరీ కుళ్ళు. 'నిన్న ట్యాకింగ్ లేటయింది రామ్' అనేది. ట్యాకింగ్ అంటే పడవ ముక్కుని గాలికి ఎదురుగా తిప్పి అవతలి వైపుకి మళ్ళించడం. అది నాకు తెలుసని ఆమెకి తెలియదు. నేను కొత్తిమీర కట్ట పట్టుకుని నవ్వుతూ నిలబడేదాన్ని.

సంక్రాంతి గాలిపటాల తర్వాత ఆదివారం పోటీ ఉందని మా లిఫ్టు పక్క గోడకి కాగితం అంటించారు. నాలుగు పడవలు, నాలుగు జంటలు. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను కాచుకుని కూర్చున్నాను. ఈసారైనా అడుగుతారని. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "పోటీకి మధులతా నేనూ పేరిచ్చాం," అన్నారు. ఒక్కసారైనా అడగలేదు. అడిగితే నేను వద్దందును, అది వేరే సంగతి. అడగాలిగా.

మర్నాడు ఆయన కంపెనీ బస్సెక్కగానే నేను ఆటో ఎక్కి కాజ్‌వే దగ్గర దిగాను. దస్తూర్ అంకుల్ పడవని బోర్లించి రంగు వేసుకుంటున్నాడు. హిందీలో చెప్పాను, నేర్చుకోవాలని. నన్ను పైనుంచి కిందికి చూసి, పడవ వెనక వేలాడుతున్న పలకని చూపించి, "యే క్యా హై?" అన్నాడు.

"రడ్డర్. చుక్కాని. దీన్ని తిప్పే కర్ర టిల్లర్. టిల్లర్ కుడికి నెడితే పడవ ఎడమకి పోతుంది. అది సెంటర్‌బోర్డ్, పడవ పక్కకి జారిపోకుండా నీళ్ళలోకి దించే పలక. ఎడమ పక్క పోర్ట్, కుడి పక్క స్టార్‌బోర్డ్, ముందుకి చూసి నిలబడితే. ఇంకా చెప్పనా?"

అతను బ్రష్ పక్కన పెట్టాడు. "కిస్నే సిఖాయా, బెన్?" ఎవరు నేర్పారమ్మా అని.

"నేనే ఒకాయనకి నేర్పాను," అన్నాను.

పేరడిగాడు. వసంతలక్ష్మి అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అంత పేరు పిలిచేలోపు పడవ మునుగుతుందట. పడవలో గారూ గీరూ ఉండకూడదు, ఒక్క ఊపిరిలో పలికే పేరుండాలి, ఇది తన నియమం. "వో రావ్ సాబ్‌కా నామ్ భీ మైనే కాటా. రామ్. ఆప్ వసు."

అంటే రామ్ అని పేరు పెట్టింది మధులత కాదన్నమాట. కారణం తెలిస్తే కుళ్ళు తగ్గాలి. నాకు తగ్గలేదు. పెట్టినవాడు ఎవడైతేనేం, పిలుస్తున్నది ఆమేగా.

పొద్దుటిపూట గాలి మెత్తగా ఉంటుంది. నేను వెనక కూర్చుని టిల్లర్ పట్టాను, అంకుల్ ముందు కూర్చుని అరిచాడు. మొదట గుర్రపుడెక్క ఆకుల్లోకి పోయి ఇరుక్కున్నాం. తర్వాత తిన్నగా పోయాం. గాలి చెంప మీద ఎక్కడ తగులుతుందో చూసుకుంటే చాలు, తెరచాప ఎంత వదలాలో చెయ్యికే తెలిసిపోతుంది. చీర మానేసి మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన ట్రాక్ ప్యాంట్లు వేసుకునేదాన్ని. ఇంటికొచ్చి వాటిని ఉతికి, ఆయన బస్సు వచ్చేలోపు తీసి మడిచేసేదాన్ని. మోచేతులు నల్లబడ్డాయి. ఎవరూ గమనించలేదు.

పోటీకి నాకొక క్రూ కావాలి. ఆలోచించి, గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని ఎదురు ఫ్లాటుకి వెళ్ళాను. మధులత జిమ్ముకి వెళ్ళింది. సాయికృష్ణ షిఫ్టు దిగి సోఫాలో వాలి ఉన్నాడు.

"రండి అక్కయ్యగారూ," అని లేచాడు.

"ఆదివారాలు ఏం చేస్తుంటావు తమ్ముడూ?"

"నిద్రండి."

"పాపం. మీ ఆవిడ బాగా నేర్చుకుందట. మా ఆయన ఒకటే పొగడ్తలు." కూర్చుని, పమిట సర్దుకుని, "రామ్, రామ్ అని ఎంత చక్కగా పిలుస్తుందో," అన్నాను.

సాయికృష్ణ గోంగూర వేలు నోట్లో పెట్టుకుని అలాగే ఆగాడు. "ఎవర్నండి?"

"మా ఆయన్నే."

"అన్నయ్యగారనేదిగా?"

"అది ఒడ్డు మీద. నిన్నేమని పిలుస్తుంది నాయనా?"

"ఏవండీ అనేనండి," అన్నాడు, కాస్త దిగులుగా.

పోటీకి నా పడవలో క్రూగా రమ్మన్నాను. పచ్చడిలో వెల్లుల్లి ఎక్కువైందా అని అడిగి వచ్చేశాను. మర్నాడు పొద్దున్న అతనికి షిఫ్టు లేదు, కాజ్‌వేకి వచ్చాడు. లైఫ్ జాకెట్ రెండు వేసుకుంటానన్నాడు, అంకుల్ ఒకటే ఇచ్చాడు. కళ్ళు మూసుకుని జిబ్ తాడు లాగాడు. నాలుగో రోజుకి కళ్ళు తెరిచాడు. ఇంట్లో చెప్పొద్దన్నాను. చెప్పనన్నాడు. అతనికి కూడా లోపల ఏదో కాలుతోంది, పాపం. కానీ వసు అని పిలవమని అంకుల్ ఎంత మొత్తుకున్నా అతనికి నోరు రాలేదు. "అక్కయ్యగారూ, గుద్దేస్తాం," అనేవాడు. ఆ మాట పూర్తయ్యేలోపు గుద్దేసేవాళ్ళం.

పోటీ రోజు మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి లేచింది. తెగిన గాలిపటాలు ఇంకా ఒడ్డు చెట్లకి వేలాడుతూనే ఉన్నాయి. నేను సాయికృష్ణతో కలిసి పడవ తోసుకుంటూ వస్తుంటే మావారు తాడు ముడి వేస్తున్నవారు తలెత్తి చూసి, మళ్ళీ ముడి వేసుకుని, మళ్ళీ తలెత్తారు.

"నువ్వా? ఇక్కడేం చేస్తున్నావు?"

"పోటీకొచ్చాం."

"ఎవరు?"

"సాయీ, నేనూ," అన్నాను. సాయీ అన్న మాట కొంచెం సాగదీశాను.

మధులత నన్ను కాదు, మొగుణ్ణి చూస్తోంది. "ఏవండీ, మీరు నీళ్ళలోకా?" అంది.

"ఏం, నేను దిగకూడదా?" అన్నాడు సాయికృష్ణ, రొమ్ము విరిచి. రెండో చేత్తో పడవ అంచు వదలకుండా పట్టుకునే ఉన్నాడు, అది నాకొక్కదానికే కనిపించింది.

ఈల మోగింది. నాలుగు పడవలూ కదిలాయి. నది మధ్య రెండు పసుపు డ్రమ్ములు తేలుతున్నాయి, వాటిని చుట్టి రావాలి. ఒక పడవలో కాలేజీ పిల్లలు, ఇంకోదాంట్లో అడాజణ్ నుంచి వచ్చిన పటేల్ దంపతులు. గాలి ఎదురు కాబట్టి తిన్నగా పోలేం. కాసేపు ఇటు, కాసేపు అటు మళ్ళుకుంటూ పోవాలి.

"రెడీ అబౌట్," అన్నాను, మళ్ళబోయే ముందు క్రూకి చెప్పాల్సిన మాట.

"రెడీ అక్కయ్యగారూ."

టిల్లర్ నెట్టాను. బూమ్ తలల మీంచి అవతలికి పోయింది. సాయికృష్ణ జిబ్ తాడు అటునుంచి ఇటు మార్చి లాగాడు. "శభాష్ సాయీ," అన్నాను గట్టిగా. నీళ్ళ మీద మాట చాలా దూరం పోతుంది. మావారి తల మా వైపు తిరిగింది.

"రామ్, ముందుకి చూడండి," అని మధులత అరవడం వినిపించింది.

మరోసారి మళ్ళేసరికి వాళ్ళ పడవా మా పడవా ఎదురెదురుగా వస్తున్నాయి. నాకు గాలి కుడిపక్కనుంచి, అంటే స్టార్‌బోర్డ్ నుంచి. ఆయనకి ఎడమనుంచి. నియమం ప్రకారం స్టార్‌బోర్డ్ గాలి ఉన్నవాళ్ళకి దారి ఇవ్వాలి. ఆయనే పక్కకి తప్పుకోవాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు హక్కుగా దక్కిన మొదటి దారి. అవతలివాడు చూడకపోతే 'స్టార్‌బోర్డ్' అని అరవాలి, అదే పద్ధతి. ఆయన చూడటం లేదు. సాయికృష్ణ చేతిలో ఉన్న జిబ్ తాడు వైపు చూస్తున్నారు.

పడవలు దగ్గరికొచ్చేస్తున్నాయి. ఆ క్షణంలో నా నోట్లోంచి స్టార్‌బోర్డ్ రాలేదు. పాలు పొంగినప్పుడు, గ్యాస్ వాసన వచ్చినప్పుడు, రోడ్డు దాటుతుంటే వెనకనుంచి ట్యాంకర్ వచ్చినప్పుడు ఏ మాట వస్తుందో అదే వచ్చింది.

"ఏవండీ!"

"ఆఁ?" అన్నారు ఇద్దరు మగవాళ్ళు ఒక్కసారే.

సాయికృష్ణ వెనక్కి తిరిగి నావైపు చూస్తూ జిబ్ తాడు వదిలేశాడు. జిబ్ టపటపా కొట్టుకుని మా పడవ నిలబడిపోయింది. అవతల మావారు కూర్చున్నచోటనుంచి పూర్తిగా ఇటు తిరిగారు, ఆ తిరగడంలో టిల్లర్‌ని కూడా తనతో లాక్కున్నారు. వాళ్ళ పడవ గాలికి పొట్ట ఇచ్చి పక్కకి ఒరిగింది.

"రామ్, షీట్ వదలండి. రామ్. రామ్," అని మధులత అరుస్తోంది. వినబడితేగా. ఆయన నా వైపే చూస్తూ, "ఏమైంది?" అని అడుగుతూ, నెమ్మదిగా, తెరచాపతో సహా తాపీలోకి దిగిపోయారు.

ముందు మధులత తల పైకొచ్చింది, నెత్తిన గుర్రపుడెక్క ఆకుతో. తర్వాత ఆయన తల. "అన్నయ్యగారూ, మీ కాలికి తాడు చుట్టుకుంది, ఆగండి," అంది మధులత, నీళ్ళు ఉమ్మేస్తూ.

ఇన్ని నెలలూ నదిలో పోయిందనుకున్న మాట నదిలోంచే తేలింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది గానీ టిల్లర్ వదలకూడదు.

కాలేజీ పిల్లలు గెలిచారు. దస్తూర్ అంకుల్ మోటారు పడవలో వచ్చి అందర్నీ ఒడ్డుకి చేర్చి, నా ముందు నిలబడి, "హమ్ సిఖాయా స్టార్‌బోర్డ్. ఆప్ బోలా, ఏవండీ. యే ఏవండీ క్యా హై?" అని నిలదీశాడు.

"స్టార్‌బోర్డ్‌కి తెలుగు," అన్నాను.

అతను ఆలోచించి తలాడించాడు. పక్కన తల తుడుచుకుంటున్న మధులత నన్ను చూసి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి తువ్వాలు తీసి, "వదినా, నోరు జారి అన్నావా, కావాలని అన్నావా?" అంది.

"భయంలో ఏమంటామో ఎవరికి గుర్తుంటుంది మధూ."

"అబ్బో," అంది. తర్వాత మొగుడి దగ్గరికి వెళ్ళి, అతని తలమీద పొడి టోపీ పెట్టి, "ఏవండీ, వచ్చే ఆదివారం నా పడవలోకి రండి. నేను వెనక కూర్చుంటా," అంది. సాయికృష్ణ మొదటిసారికే ఒప్పేసుకున్నాడు. ఆ ఇంటి పద్ధతే అంత.

మావారు తడిబట్టలతో రాతిమెట్ల మీద కూర్చున్నారు. నేను పోంక్ వడలు ఒక పొట్లం తెచ్చి పక్కన కూర్చున్నాను. ఆయన ఒకటి తీసుకుని, తినకుండా, నా మోచేతుల వైపు చూశారు.

"ఎప్పటినుంచి?" అన్నారు.

"మీరు బస్సెక్కినప్పటినుంచి."

"సాయి అని ఎందుకన్నావు?"

"రామ్ అంటే మీరెందుకు పలికారు?"

ఆయన వడ కొరికారు.  అంకుల్ మా పడవని ఇంకోసారి నీళ్ళలోకి తోస్తున్నాడు, ఎండ ఇంకా ఉంది కదా, ఎవరైనా వెళ్తారా అని.

"వస్తావా? ఒక చుట్టు," అన్నారు మావారు.

"నాకెందుకండీ ఈ వయసులో," అన్నాను.

ఆయన చేతిలో పేపరు లేదు తిప్పడానికి. పొట్లం కాగితం మడిచారు. మళ్ళీ విప్పారు.

"ముందు సీట్లో నేను కూర్చుంటా. టిల్లర్ నువ్వే పట్టు. వస్తావా?"

"ఇంట్లో వడియాల పిండి నానబెట్టి వచ్చాను."

ఆయన లేచారు. అయిపోయింది, ఇక ఇంటికే అనుకున్నాను. పడవ దాకా వెళ్ళి, జిబ్ తాడు చేత్తో పట్టుకుని, ఇటు తిరిగారు. పక్కనే పటేల్ దంపతులున్నారు, అంకుల్ ఉన్నాడు, మధులత ఉంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"వసూ," అన్నారు. "వస్తావా?"

అప్పటికే నేను లైఫ్ జాకెట్ బకిల్ పెట్టేసుకున్నాను.